విద్యుత్తు కోసం వాదించిన నక్షత్ర శాస్త్రజ్ఞుడు – మేఘనాద్ సాహా

మన బి.ఎస్సీ. ఫిజిక్సు పుస్తకంలో సాహా అయనీకరణ సమీకరణం అని ఒకటుంది. అది పరీక్షలో వస్తుందా రాదా అన్నదే మనలో చాలామందికి కావలసిన విషయం. వస్తుందంటే డెరివేషన్ బట్టీపట్టి రాసేస్తాం. రాదంటే ఆ పేజీ తిప్పేస్తాం. నేనూ అలాంటివాణ్ణే. కాని ఆ సమీకరణం వెనక ఉన్న మనిషి గురించి చదివాక నాకు కొంచెం సిగ్గేసింది. నక్షత్రాల గురించి చదివిన ఆ మనిషి నడివయసు దాటాక నదుల గురించీ, బొగ్గు గురించీ, విద్యుచ్ఛక్తి గురించీ ఎందుకు అంత పట్టుదలగా వాదించారు? ఆఖరికి పార్లమెంటు దాకా ఎందుకు వెళ్ళారు? ఈ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ రాసిందే ఈ వ్యాసం.

ఈ ప్రశ్న నాకు ఊరికే పుట్టలేదు. మాది మెట్ట ప్రాంతం. బోరు మీద ఆధారపడ్డ సేద్యం. 2012లో నేనింకా చిన్నపిల్లవాణ్ణి. ఆ ఏడు కరెంటు ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో ఎవరికీ తెలిసేది కాదు. అర్ధరాత్రి మూడు ఫేజులూ వచ్చాయని ఎవరో కేకేస్తే మా నాన్న టార్చిలైటు పట్టుకుని చేలోకి పరుగెత్తేవాడు. మోటారు వేసి గట్టు మీద కూర్చుంటే మడి సగం తడవకముందే కరెంటు పోయేది. ఆ ఏడు మా వేరుశనగ ఎండిపోయింది. కరెంటు అంటే ఎవరో పైనుంచి దయతలచి పంపేదనీ, రానప్పుడు దేవుణ్ణి తిట్టుకోవాలనీ అప్పట్లో అనుకునేవాణ్ణి. కరెంటు అనేది ముందుగా లెక్కకట్టి, దేశమంతా కలిపి చూసుకుని, పద్ధతి ప్రకారం ఏర్పాటు చేసుకోవలసిన వస్తువని గట్టిగా చెప్పిన తొలి భారతీయుల్లో సాహాగారు ఒకరు.

మేఘనాద్ సాహా 1893 అక్టోబరు 6వ తేదీన ఢాకా దగ్గర సియోరాతలి అనే పల్లెలో పుట్టాడు. ఆ ఊరు ఇప్పుడు బంగ్లాదేశ్‌లో ఉంది. తండ్రి జగన్నాథ్ సాహా చిన్న కిరాణా కొట్టు నడిపేవాడు. తల్లి భువనేశ్వరీదేవి. ఎనిమిది మంది సంతానంలో ఇతడు అయిదోవాడు. పుట్టిన రోజున గాలివాన చెలరేగిందనీ అందుకే ఆ పేరు పెట్టారనీ చెబుతారు. కొట్టు మీద వచ్చేది తిండికే చాలనప్పుడు చదువు మాట ఎవరెత్తుతారు? అక్షరాలొస్తే చాలు, కొట్లో కూర్చుంటాడని తండ్రి ఆలోచన. పల్లెటూళ్ళో పుట్టిన మనలో చాలామందికి ఈ మాట కొత్తగా వినిపించదు.

ఊళ్ళో ప్రాథమిక పాఠశాల అయిపోయాక పై చదువు చదవాలంటే చాలా దూరం పోవాలి. అక్కడ అనంతకుమార్ దాస్ అనే వైద్యుడు ఆ పిల్లవాడికి తన ఇంట్లో చోటిచ్చాడు. తన పళ్ళెం తానే కడుక్కోవాలి, ఆవును చూసుకోవాలి. ఇవీ షరతులు. పెద్దన్న జయనాథ్ జనపనార కంపెనీలో నెలకు 20 రూపాయల జీతగాడు. అందులోంచి 5 రూపాయలు తమ్ముడికి పంపేవాడు. ఆ అయిదు రూపాయలు లేకపోతే మన పుస్తకంలో ఆ సమీకరణమే ఉండేది కాదేమో.

1905లో ఢాకా కాలేజియేట్ స్కూల్లో స్కాలర్‌షిప్పుతో చేరాడు. అది బెంగాల్ విభజన జరిగిన సంవత్సరం. గవర్నరు బాంఫిల్డ్ ఫుల్లర్ బడికి వచ్చినప్పుడు నిరసన తెలిపిన విద్యార్థుల్లో ఇతనూ ఉన్నాడు. బడి నుంచి పంపేశారు, స్కాలర్‌షిప్పు పోయింది. ఇంకో బడి చేర్చుకుంది. 1909లో ఎంట్రన్సు పరీక్షలో తూర్పు బెంగాల్ విద్యార్థులందరిలోకీ మొదటివాడుగా వచ్చాడు.

1911లో కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీ. ఆ తరగతి గది గురించి వింటే ఆశ్చర్యం వేస్తుంది. పాఠం చెప్పేవాళ్ళు జగదీశ్ చంద్ర బోస్, ప్రఫుల్ల చంద్ర రాయ్. పక్క బెంచీలో సత్యేంద్రనాథ్ బోస్. బి.ఎస్సీ.లోనూ ఎం.ఎస్సీ.లోనూ సత్యేంద్రనాథ్ మొదటివాడు, సాహా రెండోవాడు. తరగతిలో ఇంత గౌరవం ఉన్నా హాస్టల్లో మాత్రం పరిస్థితి వేరు. కులం తక్కువ అని తోటి విద్యార్థులు కొందరు ఆయనతో కలిసి భోజనం చెయ్యడానికి ఒప్పుకోలేదు. దాన్ని ఆయన జీవితాంతం మర్చిపోలేదు. హాస్టలు జీవితం తెలిసినవాళ్ళకు ఆ ఒంటరి కంచం ఎంత బరువో చెప్పనక్కరలేదు.

జాతీయవాదులతో తిరుగుతున్నాడన్న అనుమానం వల్ల ఫైనాన్స్ సర్వీసు పరీక్షకు ఆయన్ని కూర్చోనివ్వలేదు. ఒక విధంగా అది దేశానికి మేలే అయింది. 1916లో కలకత్తా యూనివర్సిటీ సైన్సు కాలేజీలో లెక్చరరుగా చేరారు. సత్యేంద్రనాథ్ బోసుతో కలిసి ఐన్‌స్టీన్ వ్యాసాలను జర్మను నుంచి ఇంగ్లీషులోకి అనువదించారు. ఆ పుస్తకం 1920లో అచ్చయింది. సరైన ప్రయోగశాల లేదు, పరికరాలు లేవు. కాగితం, కలం, ఆలోచన మాత్రం ఉన్నాయి.

ఆ ఆలోచన ఏమిటో రెండు ముక్కల్లో చెబుతాను. నక్షత్రాల కాంతిని విడదీసి చూస్తే కొన్నిట్లో ఒక మూలకం గీతలు కనిపిస్తాయి, కొన్నిట్లో మరో మూలకానివి. ఒక్కో నక్షత్రం ఒక్కో పదార్థంతో తయారైందా? కాదని సాహా తేల్చారు. వేడి పెరిగేకొద్దీ పరమాణువు నుంచి ఎలక్ట్రానులు ఊడిపోతాయి. పీడనం తక్కువైతే ఇంకా ఎక్కువగా ఊడిపోతాయి. ఎంత వేడిలో, ఎంత పీడనంలో ఎన్నో వంతు పరమాణువులు అలా అయనులవుతాయో లెక్కగట్టే సూత్రమే 1920లో వచ్చిన ఆయన సమీకరణం. గీతల్లో కనిపించే తేడాకు ముఖ్యకారణం ఉష్ణోగ్రతలో ఉన్న తేడాయేనని దానితో తెలిసిపోయింది. 1925లో సిసీలియా పేన్ ఈ సమీకరణాన్నే వాడి నక్షత్రాల్లో ఎక్కువ భాగం హైడ్రోజన్ అని చూపించింది. నక్షత్ర భౌతికశాస్త్రానికి తలుపు తెరిచిన తాళంచెవి కలకత్తాలో తయారైంది.

తరవాత లండన్‌లో ఫౌలర్ ప్రయోగశాల, బెర్లిన్‌లో నెర్న్‌స్ట్ ప్రయోగశాల చూసి వచ్చారు. 1923 నుంచి 1938 వరకు అలహాబాదులో ప్రొఫెసరు. 1927లో రాయల్ సొసైటీ సభ్యత్వం వచ్చింది. నోబెలు బహుమతికి ఆయన పేరు ఒకటికి మించి సార్లు ప్రతిపాదనకు వచ్చింది గాని బహుమతి రాలేదు. శ్రీవాస్తవతో కలిసి ఆయన రాసిన ఉష్ణశాస్త్ర గ్రంథాన్ని కొన్ని తరాల విద్యార్థులు చదువుకున్నారు.

ఇక్కడితో ఆగి ఉంటే ఆయన గొప్ప శాస్త్రజ్ఞుడుగా మిగిలిపోయేవారు. కాని ఆయన మనసులో నది ఒకటి పారుతూనే ఉంది. తూర్పు బెంగాల్ పల్లెల్లో వానాకాలం వచ్చిందంటే నీళ్ళ మధ్యే బతుకు. 1922లో ఉత్తర బెంగాల్‌ను వరద ముంచేసినప్పుడు గురువు ప్రఫుల్ల చంద్ర రాయ్ నడిపిన సహాయ కార్యక్రమంలో ఆయన పనిచేశారు. వరద వచ్చాక చందాలు పోగుచేసి బియ్యం పంచడం మంచిపనే. అయితే వరదే రాకుండా చెయ్యలేమా? మనిషిని ముంచే నీటినే కట్టడి చేసి దానితో దీపం వెలిగించలేమా? ఈ ఆలోచన ఆయన్ని వదల్లేదు. 1935లో సైన్స్ అండ్ కల్చర్ అనే పత్రిక మొదలుపెట్టి నదుల గురించీ, విద్యుత్తు గురించీ, పరిశ్రమల గురించీ వరసగా రాశారు.

ఆయన వాదన సూటిగా ఉండేది. ఒక దేశంలో తలకు ఎంత శక్తి వాడుతున్నారో అదే ఆ దేశం స్థితిని చెప్పే కొలబద్ద. మనిషి కండబలం, ఎద్దు కండబలం మీదే బతికే దేశం పేదదిగానే ఉంటుంది. కాబట్టి బొగ్గు ఎంత ఉంది, నదుల్లో జలశక్తి ఎంత ఉంది, ఏది ఎక్కడ వాడాలి అన్నది దేశమంతటికీ కలిపి లెక్క వెయ్యాలి. ఆ రోజుల్లో ఒక ఊరికి ఒక కంపెనీ, ఒక సంస్థానానికి ఒక పద్ధతి. ఎవరి దీపం వాళ్ళది. ఈ వాదన గాంధీగారి రాట్నం ఆలోచనకు ఎదురునడిచింది. రాట్నం మీద, కుటీర పరిశ్రమల మీద ఆయన చేసిన విమర్శ చాలామందికి నచ్చలేదు. ఆ విమర్శలో కొంత తొందరపాటు ఉందని నాకూ అనిపిస్తుంది. కాని ఎద్దు వెనకా నాగలి వెనకా నడిచిన కుటుంబంలో పుట్టినవాణ్ణి గనక, ఆ కష్టాన్ని ఆదర్శంగా చూడలేనన్న ఆయన మాటలోని కోపం నాకు అర్థమవుతుంది.

1938లో సుభాష్ చంద్ర బోసు కాంగ్రెసు అధ్యక్షులయ్యారు. దేశానికి ప్రణాళిక కావాలని సాహా ఆయన దగ్గర పట్టుబట్టారు. ఆ ఏడే జాతీయ ప్రణాళికా సంఘం ఏర్పడింది. దాని అధ్యక్ష పదవికి మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి పేరు వచ్చింది. అంతటి ఇంజనీరును కాదనడానికి కారణమేమిటి? సాహా చూపు వేరు. ప్రణాళిక కాగితం మీద ఉండిపోకూడదంటే దాని వెనక ప్రజల్లో బలమున్న నాయకుడుండాలని ఆయన నమ్మారు. విశ్వేశ్వరయ్యగారు పెద్దమనసుతో తప్పుకున్నారు. జవహర్‌లాల్ నెహ్రూ ఒప్పుకునేలా చూడమని అడగడానికి సాహా శాంతినికేతనం వెళ్ళి రవీంద్రనాథ ఠాగూరును కలిశారు. నెహ్రూ అధ్యక్షులయ్యారు. విద్యుత్తు, ఇంధనం ఉపసంఘానికి సాహా అధ్యక్షులయ్యారు. ఇంకా స్వాతంత్ర్యమే రాని దేశానికి ఇంధన విధానం ఎలా ఉండాలో కూర్చుని లెక్కలు వెయ్యడమంటే సామాన్యమైన ధైర్యం కాదు. 1940లో నెహ్రూ జైలుకు వెళ్ళడంతో సంఘం పని కుంటుపడింది.

అప్పుడు నదే మాట్లాడింది. 1943 జులైలో దామోదర్ నది గట్టు తెంచుకుంది. రైలు పట్టాలు, గ్రాండ్ ట్రంక్ రోడ్డు కొట్టుకుపోయి, యుద్ధం జరుగుతున్న రోజుల్లో కలకత్తాకు మిగతా దేశంతో సంబంధం తెగిపోయింది. బెంగాల్ కరువు ప్రజల్ని మింగుతున్న సంవత్సరం కూడా అదే. ప్రభుత్వం బర్ద్వాన్ మహారాజా అధ్యక్షతన విచారణ సంఘం వేసింది. అందులో సాహా సభ్యులు. గట్లు ఎత్తు పెంచితే చాలదనీ, అమెరికాలో 1933లో పెట్టిన టెనెసీ లోయ సంస్థలాగా నది మొత్తాన్ని ఒకే యూనిట్‌గా తీసుకోవాలనీ, వరద నివారణ, సాగునీరు, విద్యుత్తు మూడూ ఒకే చేతి కింద నడవాలనీ ఆయన వాదించారు. నది అప్పటి బీహారులో పుట్టి బెంగాల్‌ను ముంచేది. ఎగువన ఆనకట్ట కడితే భూమి పోయేది ఒకరిది, మేలు జరిగేది మరొకరికి. వీళ్ళిద్దర్నీ కూర్చోబెట్టే కేంద్రం లేకపోతే పని జరగదు.

ఆ కూర్చోబెట్టే పని చేసింది డాక్టర్ అంబేద్కర్ అన్న సంగతి మనలో చాలామందికి తెలియదు. 1942 నుంచి 1946 వరకు ఆయన వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో కార్మికశాఖ సభ్యులు. నీటిపారుదల, విద్యుత్తు ఆయన శాఖ కిందే ఉండేవి. 1945లో కేంద్రం, బెంగాల్, బీహారు ప్రతినిధుల సమావేశాలు ఆయన నడిపించారు. టెనెసీలో పనిచేసిన వూర్డుయిన్ అనే ఇంజనీరు పథకం తయారుచేశాడు. 1948 జులై 7న దామోదర్ లోయ కార్పొరేషన్ పుట్టింది. ఆ సంవత్సరమే విద్యుత్ సరఫరా చట్టం కూడా వచ్చింది. రాష్ట్రాల్లో విద్యుత్ బోర్డులు, పైన కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ ఆ చట్టం వల్ల ఏర్పడ్డవే. ఒకరు సైన్సు లెక్కతోనూ, ఇంకొకరు పరిపాలనతోనూ ఒకే పనిని నడిపించారు. ఇద్దరూ కులం పేరుతో అవమానం అనుభవించినవాళ్ళే.

అయితే ఫలితం అనుకున్నంత గొప్పగా రాలేదు. మొదటి పథకంలో అనుకున్న ఆనకట్టల్లో కార్పొరేషన్ కట్టినవి నాలుగే: తిలయ్యా 1953లో, కోనార్ 1955లో, మైథాన్ 1957లో, పంచేత్ 1959లో. వాటి కింద ఊళ్ళు మునిగాయి, సంతాలు కుటుంబాలు నేల పోగొట్టుకున్నాయి. జలవిద్యుత్తు కంటే బొగ్గు విద్యుత్తే ఆ లోయను ఏలింది. సాహా కాలానికి బొగ్గుపొగ భూమినే వేడెక్కిస్తుందన్న ఆందోళన ఇంకా జనంలోకి రాలేదు. అది ఆయన తప్పు కాదు గాని, ఆయన కథ చెప్పేటప్పుడు దాచవలసిన విషయమూ కాదు.

అణుశక్తి విషయంలో ఆయనకు దక్కింది మరీ చేదు. 1940లోనే కలకత్తా ఎం.ఎస్సీ.లో అణుకేంద్ర భౌతికశాస్త్రం పెట్టించారు. సైక్లోట్రాన్ కోసం టాటాల సాయం సంపాదించి, శిష్యుణ్ణి అమెరికా పంపారు. దాని పంపులు తెస్తున్న ఓడను యుద్ధంలో జపాన్‌వాళ్ళు ముంచేశారు. అయినా వదల్లేదు. 1950లో ఆయన అణుకేంద్ర భౌతికశాస్త్ర సంస్థను ఐరీన్ జోలియో క్యూరీ ప్రారంభించారు. ఇప్పుడది ఆయన పేరుతోనే నడుస్తోంది. కాని 1948లో అణుశక్తి సంఘం వేసినప్పుడు అందులో భాభా, భట్నాగర్, కృష్ణన్ ఉన్నారు, సాహా లేరు. ముందు పరిశ్రమలూ మనుషులూ తయారు కావాలి, తరవాత సంఘం వెయ్యాలన్నది ఆయన అభిప్రాయం. పరిశోధన విశ్వవిద్యాలయాల్లో బహిరంగంగా జరగాలి గాని రహస్యంగా ఒక్కచోట పోగుపడకూడదన్నది ఆయన పట్టు. భాభా దారి వేరు, నెహ్రూ భాభా వైపు నిలిచారు. ప్రణాళికా సంఘానికి ఎవర్ని తేవడానికి తాను తిరిగారో ఆయనే ఇప్పుడు అవతలి పక్షం. సాహాది ముక్కుసూటి స్వభావం, ఎదుటివాళ్ళను నొప్పించకుండా మాట్లాడడం చేతకాదు. ఆ స్వభావం వల్ల కొంత నష్టం ఆయనే కొనితెచ్చుకున్నారని కూడా చెప్పాలి.

అలిగి ఇంట్లో కూర్చోవచ్చు. ఆయన అలా చెయ్యలేదు. 1952 ఎన్నికల్లో కలకత్తా వాయవ్య నియోజకవర్గం నుంచి స్వతంత్ర అభ్యర్థిగా నిలబడి గెలిచారు. లోక్‌సభలో విద్య, నదీలోయ పథకాలు, తూర్పు బెంగాల్ కాందిశీకుల సమస్య గురించి మాట్లాడారు. 1954 మే నెలలో అణుశక్తిని శాంతి ప్రయోజనాలకు వాడడం మీద చర్చ లేవనెత్తారు. ఇంధనం గురించి నిర్ణయాలు నాలుగు గోడల మధ్య కాక జనం ఎన్నుకున్న సభలో జరగాలన్న ఆ పట్టుదల నాకు ఆయన సమీకరణమంత విలువైనదిగా తోస్తుంది.

ఇంకొకటి కూడా చెప్పాలి. దేశంలో ముప్ఫై రకాల పంచాంగాలున్నాయని 1952లో పంచాంగ సంస్కరణ సంఘం వేసి ఆయన్ని అధ్యక్షుణ్ణి చేశారు. మన ఉగాది చంద్రుణ్ణి బట్టి ముందుకూ వెనక్కూ జరుగుతుంది. ఆ సంఘం సూచించిన జాతీయ పంచాంగంలో చైత్రం మార్చి 22న, లీపు సంవత్సరంలో 21న మొదలవుతుంది. 1957 మార్చి 22 నుంచి అది అమల్లోకొచ్చింది. చూడడానికి ఆయన లేరు. 1956 ఫిబ్రవరి 16న ఢిల్లీలో, ప్రణాళికా సంఘం కార్యాలయానికి వెళుతూ దారిలో గుండె ఆగి పడిపోయారు. అప్పటికి వయసు 62. నక్షత్రాల మనిషి ఆఖరి నడక ప్రణాళిక వైపే సాగింది.

ఆయన పోయాక జరిగింది ఒకసారి చూద్దాం. 1947లో మన దేశంలో తలసరి విద్యుత్తు వాడకం ఏడాదికి 16 యూనిట్లు. 2023–24 నాటికి అది దాదాపు 1,400 యూనిట్లకు చేరింది. ఒక్కో ప్రాంతం గ్రిడ్డు వేరుగా ఉంటూ మెల్లమెల్లగా కలిశాయి. 2012 జులై 30, 31 తేదీల్లో ఉత్తర, తూర్పు ప్రాంతాల గ్రిడ్లు కుప్పకూలి కోట్లాది ఇళ్ళు చీకటైపోయాయి. దక్షిణాది అప్పటికి వాటితో పూర్తిగా కలవలేదు గనక మనం ఆ చీకటి తప్పించుకున్నాం. కాని ఆ కలవకపోవడం వల్లే మనకు కరువొచ్చినప్పుడు అవతల మిగులు ఉన్నా కావలసినంత తెచ్చుకునే లైన్లు లేవు. మా వేరుశనగ ఎండిన ఏడాదీ అదే! వానలు లేకపోవడం, గ్యాసు చాలకపోవడంతో పాటు ఇదీ ఒక కారణమని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. 2013 డిసెంబరు 31న రాయచూరు – షోలాపూరు లైనుతో దక్షిణ గ్రిడ్డు మిగతా దేశంతో కలిసింది. దేశమంతా ఒకే గ్రిడ్డు అయింది. దేశమంతటికీ కలిపి లెక్క వెయ్యాలని సాహా ఉపసంఘం కూర్చున్న 75 ఏళ్ళకు!

2025 నాటికి మన స్థాపిత విద్యుత్ సామర్థ్యంలో సగం బొగ్గు, గ్యాసు వంటివి కాని వనరులదే. అయితే సామర్థ్యం వేరు, ఉత్పత్తి వేరు. యూనిట్ల లెక్కన చూస్తే ఇప్పటికీ పెద్దభాగం బొగ్గుదే. ఎండ పగలే కాస్తుంది, గాలి దాని ఇష్టం వచ్చినప్పుడే వీస్తుంది. పగటి మిగులుతో నీళ్ళు పైకి తోడి రాత్రి కిందికి వదిలి కరెంటు తీసే పద్ధతి మన శ్రీశైలం ఎడమగట్టు కేంద్రంలో ఉంది. అలాంటివి ఇంకా ఎన్ని కావాలి, ఎక్కడ కావాలి, బొగ్గు గనుల మీద బతికే ఝరియా, బొకారో, సింగరేణి కూలీలకు రేపేమిటి? ఇవన్నీ విడివిడిగా తేలే లెక్కలు కావు. గాలి ఒక శాఖ, బొగ్గు ఒక శాఖ, రైతు మోటారు ఇంకో శాఖ అనుకుంటే మళ్ళీ ఎవరి దీపం వాళ్ళదే అవుతుంది.

సూర్యుడి పైపొరల్లో ఏం జరుగుతుందో లెక్కగట్టిన మనిషి బతికుండగానే, 1954లో, అమెరికాలో సిలికాన్ సౌరఘటం తయారైంది. ఇప్పుడు మా ఊళ్ళో ఒకరి చేలో ఆ పలకలతో మోటారు నడుస్తోంది. మా నాన్న దాన్ని రోజూ చూసి వస్తాడు. పగలే నీళ్ళు పారుతున్నాయని ఆశ్చర్యపోతాడు. దాని వెనక ఉన్న లెక్క అడిగితే చెప్పడానికి నా దగ్గర సమాధానం ఉండాలని ఈ మధ్య ఆ పేజీ మళ్ళీ తిప్పాను. మిత్రులారా, పరీక్షలో వచ్చినా రాకపోయినా మీరూ ఒకసారి తిప్పండి.